నేల నుంచి కొలత

డగ్ హాలొరన్ బండి బుధవారం పొద్దున లారీ మీద ఎక్కి ఊళ్ళోకొచ్చింది. మొన్నటిదాకా ఇనుప గుంజలూ, జాలీ చుట్టలూ, నీళ్ళ పీపాలూ మోసుకుని ఎర్రమట్టి దారుల్లో తిరిగిన ఫోర్‌వీల్ బండి ఇప్పుడు ఇంకోదాని వీపెక్కింది. పోస్టాఫీసు మెట్లు ఊడుస్తున్న షిర్లీ చీపురు ఆపి చూసింది. బండి వెనక తొట్టి తోక కిందికి వాలిపోయింది. డ్రైవరు గదికీ తొట్టికీ మధ్య పైభాగాన జానెడు సందు తెరుచుకుంది. కిందిభాగాన మాత్రం రెండూ ఒరుసుకుంటున్నాయి.

"నడుం విరిగింది పాపం," అంది షిర్లీ, ఎవరో మనిషి గురించి అన్నట్టు.

లారీ నోలీన్ ట్రాంటర్ షెడ్డు ముందు ఆగేసరికి కలూనాలో ఉండే నూట నలభై మందిలో సగానికి కబురు అందింది. మిగతా సగం మంది గొర్రెల దగ్గరున్నారు. వాళ్ళకి మధ్యాహ్నానికి అందుతుంది.

జూలై నెల, అక్కడ నడి చలికాలం. రాత్రి పట్టిన మంచు షెడ్డు రేకుల మీంచి బొట్లు బొట్లుగా కారుతోంది. నోలీన్ పీపా పొయ్యిలో ఇంకో కట్టె దోపి, చేతులు చొక్కాకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి, భుజాలు వెడల్పు. ఒకసారి బండి చుట్టూ తిరిగి, వెనక్కొచ్చి, వంగి కిందికి చూసింది. ఈలోగా డగ్ తన రెండో బండిలో వెనకాలే వచ్చి దిగాడు. విరిగినదానికీ దీనికీ నంబరు పలక ఒక్కటే తేడా, కవలల్లా ఉంటాయి.

"చూశావా?" అన్నాడు డగ్. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మూడేళ్ళు కూడా నిండలేదు. సోమవారం సాయంత్రం పన్నెండోమైలు వాగు దగ్గర ఫట్టుమందిట."

"ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?"

"లెస్టర్‌కా? గీత కూడా పడలేదు. వాడికి పడాల్సినవన్నీ నా బండికే పడ్డాయి."

"ఎక్కడున్నాడు ఇప్పుడు?"

"ఇంటికి పంపేశా. ఇక రావద్దన్నా." డగ్ కాలితో లారీ టైరుని ఊరికే తన్నాడు. "కుక్కల కంచె ఇంకా నలభై మైళ్ళు మిగిలుంది నాకు. ఈ నెలాఖరుకి ముయ్యకపోతే అడవికుక్కలు ఆ సందులోంచి దూరి గొర్రెల్ని తింటాయి, ఆ తర్వాత గొర్రెల ఫారం మేనేజరు నన్ను తింటాడు."

"ఎందుకు విరిగిందంటున్నాడు వాడు?"

"వాడేమంటాడు! తెలీదంటాడు." డగ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఇటు చూడు. గాలి సంచులు బిగించింది నువ్వు. కొలత కర్ర కోసిచ్చింది నువ్వు. బరువు మా డిపోలో కాటా వేసే ఎక్కించాం. వీటిల్లో వేలెత్తి చూపించడానికి ఏముంది? ఇక మిగిలింది స్టీరింగు పట్టుకున్నవాడే. ఏటి అవతలి వాళ్ళ చేతికి బండిస్తే ఇంతే. చెప్పినవాళ్ళు లేకపోలేదు, నేనే వినలేదు."

ఏటి అవతల ఉండేది లెస్టర్ వాళ్ళు, ఊరు ఎప్పుడూ తక్కువగా చూసేవాళ్ళు. ఆ మాట ఊళ్ళో ఈగల్లాగే ముసురుతూ ఉంటుంది. చెయ్యి విసిరేవాళ్ళు కూడా తక్కువ.

"బీమా వాళ్ళకి మెకానిక్కు కాగితం కావాలిట," అన్నాడు డగ్. "సంచులు బాగానే ఉన్నాయి, తోలిన తీరులోనే తప్పుందని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు. నీ సంతకం ఉంటే ఇంకెవరూ మారు మాట్లాడరు."

"చూడకుండా సంతకం పెట్టను డగ్."

"చూడు, ఎవరొద్దన్నారు? చూసినా రాసేది అదేగా. శుక్రవారం వస్తా."

అతను వెళ్ళిపోయాడు. లారీవాడూ నోలీనూ కలిసి గొలుసులు వేసి బండిని షెడ్డులోకి దింపారు. దింపుతున్నప్పుడు ఛాసీ మూలిగింది.

*

కర్ర సంగతి ఆ చుట్టుపక్కల రెండొందల మైళ్ళలో తెలియనివాళ్ళు లేరు.

గుంజలు దించుకోవడానికి వీలుగా ఉంటాయని అందరూ తొట్టి చివరే పేరుస్తారు. దాంతో బండి వెనక్కి కుంగి, దీపాలు చెట్ల కొమ్మల మీద పడతాయి. అలా కుంగిన బండి ఊళ్ళోకొస్తే పబ్బు అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఊరుకోరు. "ఒరేయ్, కుక్క పిర్ర ఈడ్చుకుంటూ వస్తోంది చూడండ్రా," అంటారు. ఆ మాట పడలేక మగాళ్ళంతా ఇరుసుకీ ఛాసీకీ మధ్య గాలి సంచులు బిగించుకుని, బండి గీత గీసినట్టు మట్టంగా నిలబడేదాకా గాలి కొట్టడం మొదలుపెట్టారు. చూపుకి బండి మట్టంగా ఉంటుంది గానీ బరువు ఎక్కడికీ పోదు. బండి సొంత స్ప్రింగులు, ఆ కమాను పట్టీలైతే తొట్టిని రెండు చేతులతో పట్టుకుంటాయి, ఇరుసుకి ముందొకటి, వెనకొకటి. సంచిని మరీ బిగిస్తే బరువంతా ఒక్క వేలి మీద నిలబడినట్టే. ఆ వేలు ఆనిన చోటే ఛాసీ విరుగుతుంది. అలా ఒకే ఏడాదిలో మూడు బండ్లు విరిగాక నోలీన్ చీపురు కర్రలు తెప్పించింది. ఎవరి బండికి వాళ్ళ కర్ర. అడుగున ఎర్ర రంగు. కాల్చిన తీగతో పేరు. పైన రెండు గాట్లు. ముందు బరువు ఎక్కించు, చక్రం పక్కన కర్ర నిలబెట్టు, మడ్‌గార్డు అంచు కింది గాటుకి అందేదాకా గాలి కొట్టు, ఆగు. పై గాటు ఖాళీ బండి ఎత్తు, దాని జోలికి అసలు పోకు. ఇంతే. ఎవరికీ లెక్కలు రానక్కర్లేదు. ఆ తర్వాత ఒక్క బండీ విరగలేదు. కర్రలు ముప్ఫై రెండయ్యాయి. వాటితో పాములూ చచ్చాయి, గొర్రెలూ మళ్ళాయి, అది వేరే సంగతి.

మధ్యాహ్నం నోలీన్ చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది. దీపం ఛాసీ వెంట నడిపించింది. పగులు, గాలి సంచి కూర్చునే ఇనుప పీటకి సరిగ్గా పైనే ఉంది. వేలితో మట్టి తుడిచి చూసింది. పగులులో సగం దూరం తుప్పు రంగు, మిగతా సగం కొత్త ఇనుము మెరుపు. అంటే ఒక్క దెబ్బకి విరిగింది కాదు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చింది. కింద ఎక్కడా రాయి గీరిన గుర్తు లేదు. ఇరుసు మీది రబ్బరు దిమ్మలు కొత్తవాటిలా ఉన్నాయి. గుంటల్లో ఎగిరి దూకిన బండి దిమ్మలు అలా ఉండవు.

తర్వాత సంచి మూతికి గేజీ పెట్టింది. ముల్లు అరవై రెండు దగ్గర ఆగింది. బరువు దించేశాక కూడా అరవై రెండు.

"ఓరి వెధవాయ్," అంది బండి కింద నుంచే.

దొరికింది. మట్టం పిచ్చి. కర్ర ఇచ్చినా వాడలేదన్నమాట. ఆమె పలకని ఒక్క తోపు తోసి బయటికొచ్చి, డ్రైవరు గది తలుపు తీసింది. కర్ర సీటు వెనక ట్యూబు ముక్కతో కట్టి ఉంది. లాగి చూసింది. గది నిండా వేలెడు మందం దుమ్ముంది గానీ కర్ర మీద లేదు. కింది గాటు దగ్గర చెయ్యి పట్టీ పట్టీ నునుపు తేలింది. రోజూ వాడిన కర్ర.

కర్ర పక్కన గుడ్ల అట్ట ఉంది. ముప్ఫై గుడ్ల అట్ట, బూటు తాడుతో కట్టింది. విప్పింది. ఇరవై రెండు గుడ్లు మిగిలాయి. ఒక్కోటీ తీసి వెలుగులో తిప్పి చూసింది. ఒక్కదానికీ నెర్రె లేదు. నడుం విరిగిన బండి, అందులో పగలని గుడ్లు. ఆమె ఆ అట్ట ఒళ్ళో పెట్టుకుని అలాగే కాసేపు సీటు మీద కూర్చుంది.

నాలుగింటికి లెస్టర్ నడుచుకుంటూ వచ్చాడు. నలభై ఆరేళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. గుమ్మంలో ఆగి బూట్లు గోనెపట్టాకి తుడుచుకున్నాడు. నూనె మరకల షెడ్డులోకి బూట్లు తుడుచుకుని వచ్చేది ఊరు మొత్తానికి అతనొక్కడే.

"సామాను తీసుకుపోదామని వచ్చా నోలీన్."

"తీసుకో. గుడ్లు ఒక్కటీ పగల్లేదు."

"ఎందుకు పగుల్తాయి?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

"వాగులో ఎగిరి దూకించావుటగా."

"డగ్ అన్నాడా?"

"డగ్గే."

లెస్టర్ పరుపు చుట్ట తీసి భుజాన వేసుకున్నాడు. టీ డబ్బా తీశాడు. "రెండో గేరులో దిగా. అవతలి గట్టెక్కాక టీ పెట్టుకుందామనుకున్నా. గట్టు ఎక్కుతుంటే అద్దంలో తొట్టి కనబడటం మానేసింది."

"మరి ఈ గాలేంటి?" నోలీన్ గేజీ అతని ముందు ఊపింది. "అరవై రెండు! ముప్ఫై దాటితే నా దగ్గరికి రమ్మని చెప్పానా లేదా?"

"చెప్పలేదు. కర్ర చెప్పినంత కొట్టమన్నావు."

"నా కర్ర అరవై చెప్పదు."

"చెప్పింది."

అతను గొంతు పెంచలేదు. అది ఆమెకి ఇంకా ఒళ్ళు మండించింది. "ఎలా చెప్పిందో చూపించు," అంది.

లెస్టర్ పరుపు కింద పెట్టాడు. కర్ర అందుకుని చక్రం పక్కన నిటారుగా నిలబెట్టి, మోకాలు వంచి, మడ్‌గార్డు అంచుకి కన్ను సమంగా పెట్టి చూశాడు. ఆమె నేర్పినదాంట్లో వెంట్రుకవాసి తేడా లేదు. "డిపోలో బరువు ఎక్కించుకున్నప్పుడల్లా ఇరవై ఎనిమిదికే గాటు అందుకునేది. క్యాంపుకి పోయి పొద్దున్నే చూస్తే కిందికి దిగి ఉండేది. మళ్ళీ అందేదాకా కొట్టేవాణ్ణి. రోజూ అంతే."

"సంచి కారుతోందేమో."

"కారితే గేజీ తగ్గాలిగా? గేజీ ఎక్కేది, బండి దిగేది." అతను లేచి నిలబడి మోకాలు దులుపుకున్నాడు. "నలభై దాటినప్పుడు నాకూ మనసొప్పలేదు. తట్టి చూస్తే రాయిలా ఉండేది. కానీ కర్ర నీది కదా."

లెస్టర్ గుడ్ల అట్టలోంచి ఆరు తీసి పనిబల్ల మీద, అవి దొర్లకుండా పాత బేరింగు వలయంలో పేర్చాడు. ఆమె వద్దనేలోపే అట్ట కట్టేసుకున్నాడు. కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"ఇది తీసుకుపోనా?"

"ఏం చేసుకుంటావు దాన్ని?"

"నా పేరుంది కదా," అన్నాడు.

*

గురువారం పొద్దున్న టీ కలుపుకుంటుంటే కూడా ఆ మాట చెవిలోంచి పోలేదు. గేజీ ఎక్కేది, బండి దిగేది. అబద్ధం చెప్పేవాడు ఇంత పనికిరాని అబద్ధం చెప్పడు. ఇంతకన్నా నమ్మేది ఏదో ఒకటి కల్పిస్తాడు.

నోలీన్ తన సొంత బండిని సిమెంటు గచ్చు మీదికి తెచ్చింది. తొట్టి చివర నాలుగు పీపాలు పెట్టి, గొట్టం వేసి నీళ్ళు నింపింది. బండి కుంగింది. తన కర్ర తెచ్చి నిలబెట్టింది. దాని మీద ఆమె పేరే ఉంది, అన్నిటికన్నా ముందు కోసిన కర్ర. గాలి కొట్టింది. ముప్ఫైకి కాస్త ఇవతలే గాటు అందింది. రెండోవైపూ అంతే. ఇందులో తప్పేముంది?

డిపోలో చేసినంత వరకూ ఇదే. తర్వాత లెస్టర్ ఏం చేసుంటాడు? తారు దాటి మట్టి దారి ఎక్కేచోట గేటు దగ్గర ఆగి ఉంటాడు. అక్కడ అందరూ ఆగుతారు. ఆగి, టైర్లలో గాలి సగానికి సగం తీసేస్తారు. లేకపోతే ఆ దారి గతుకులు పళ్ళు రాలగొడతాయి. ఆమె కూడా తీస్తుంది. ఆమె తండ్రీ తీసేవాడు. అది ఒక పని అని కూడా ఎవరికీ గుర్తుండదు, తలుపు వేసుకున్నట్టు.

ఆమె వంగి నాలుగు టైర్లలోనూ గాలి తీసింది. టైర్లు బుగ్గలు ఉబ్బించి కిందికి కూర్చున్నాయి. మళ్ళీ కర్ర నిలబెట్టింది.

మడ్‌గార్డు అంచు గాటుకి అంగుళంన్నర కింద ఉంది.

కాసేపు ఆ అంగుళంన్నర వంకే చూసింది. తర్వాత లెస్టర్ ఎలా కొట్టి ఉంటాడో అలాగే, అంచు గాటుకి అందేదాకా సంచిలోకి గాలి కొట్టింది. నలభై మూడు. బండి ఎక్కి, షెడ్డు వెనక ఎర్ర ఇసుకలోకి తోలి ఆపింది. క్యాంపులో నేల అలాగే ఉంటుంది. బరువుకి చక్రాలు ఇసుకలో అంగుళం దిగాయి. పక్కన నిలబెట్టిన కర్ర దిగలేదు, దాని మీద బరువేముంది? మళ్ళీ గాటు తప్పింది. మళ్ళీ కొట్టింది. గేజీ యాభై ఎనిమిది చూపించింది. సంచి మీద అరచేత్తో చరిచింది. చెయ్యి నొప్పెట్టింది.

కర్ర చక్రం నడిబొడ్డు మీంచి కొలవాలి. అక్కణ్ణుంచి మడ్‌గార్డు దాకా కొలిస్తే టైరు మెత్తబడినా, నేల గుంటపడినా ఆ కొలత మారదు. ఆమె నేల మీంచి కొలిచింది. తన షెడ్డులో, తన గచ్చు మీద, గట్టి టైర్లతో కొలిచి, ఆ గచ్చుని అందరూ వెంటేసుకుని తిరుగుతారన్నట్టు ముప్ఫై రెండు కర్రలు కోసింది. బద్ధకస్తులు కర్ర సీటు కింద పారేసి ఉజ్జాయింపుగా గాలి కొట్టుకున్నారు. వాళ్ళ బండ్లు బాగానే ఉన్నాయి. రోజూ పొద్దున్నే మోకాలు వంచి, కన్ను సమంగా పెట్టి, చెప్పింది చెప్పినట్టు చేసినవాడి బండి విరిగింది.

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. అక్కడికే వచ్చింది షిర్లీ, కాగితం సంచిలో మాంసం కూరిన రొట్టె పట్టుకుని.

"పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు బంగారం. ఇంద, సాస్ కూడా పోయించా. ఏంటి, ఇసుకలో బండాట ఆడుతున్నావా?"

నోలీన్ చెప్పింది. షిర్లీకి బండ్ల సంగతి సగమే అర్థమైనా ఆ మిగతా సగం లేకుండానే అసలు సంగతి అర్థమైంది. పోస్టాఫీసు నడిపే మనిషి.

"ఎవరికి తెలుసు ఇది?"

"నాకు."

"నాకిప్పుడే తెలిసింది, నేను మర్చిపోగలను. ఊళ్ళో ఎవరూ నమ్మరు గానీ మర్చిపోగలను," అంది షిర్లీ. "చూడు నోలీన్, రేపు ఆ కాగితంలో నీ కర్ర తప్పని రాశావనుకో. అక్కణ్ణుంచి నువ్వు బ్రేకు బిగించినా, 'ఆ కర్రావిడేగా' అంటారు. ఈ షెడ్డు తప్ప ఇంకేముంది నీకు? లెస్టర్ ఎలాగూ వెళ్ళిపోతున్నాడు. శనివారం బస్సుకి టికెట్టు నా దగ్గరే తీసుకున్నాడు. తీరంలో కబేళాలో పని దొరుకుతుందిట."

"లెస్టరా? కబేళాలోనా?"

"మరి ఇక్కడ ఎవరిస్తారు? బండి నడుం విరగ్గొట్టినవాడని పేరు పడ్డాక? ఈ దేశంలో బండి ఇవ్వకపోతే ఇక మిగిలేదేముంది, చెయ్యి చాపడమేగా. అతను చాపే రకం కాదు." షిర్లీ రొట్టె సంచిని నోలీన్ ఒళ్ళో పెట్టింది. "చల్లారిపోతుంది, తిను."

నోలీన్ తినలేదు. కాకులు తిన్నాయి.

*

శుక్రవారం డగ్ వచ్చేసరికి కాగితం పనిబల్ల మీద, ఆరు గుడ్ల పక్కన ఉంది. అతను నిలబడే చదివాడు. ఒకసారి చదివి, కళ్ళద్దాలు తీసి పెట్టుకుని మళ్ళీ చదివాడు.

"ఇదేంటి? ఇందులో నీ పేరు రాసుకున్నావు."

"సంతకం కూడా పెట్టా. అడిగావుగా."

"నేనడిగింది ఇది కాదు." అతను కాగితం బల్ల మీద పడేశాడు. "నేల నుంచి కొలిస్తే ఏంటి, ఆకాశం నుంచి కొలిస్తే ఏంటి? ఇన్నేళ్ళూ ముప్ఫై మంది వాడారుగా!"

"నువ్వు వాడావా? నిజం చెప్పు."

డగ్ ముక్కు గోక్కున్నాడు. "నాది... కోళ్ళగూటి తలుపుకి అడ్డం పెట్టా."

"అందుకే నీ రెండో బండి బతికుంది." నోలీన్ చెయ్యి చూపించింది. "రా, నా బండి దగ్గరికి. నువ్వే కొలువు."

అతను కొలిచాడు. ముందు గచ్చు మీద, తర్వాత ఇసుకలో. సంచి మీద గుద్ది, చెయ్యి విదిలించుకున్నాడు. ఆమెకి ఇంకొకటి అడగాలనిపించింది.

"నలభై దాటినప్పుడు అనుమానమొచ్చిందన్నాడు లెస్టర్. ఎవరికైనా చెప్పాడా?"

డగ్ దూరంగా కంచె వైపు చూశాడు. "ఫోన్ చేశాడు. నెల కిందట. గాలి మరీ ఎక్కువవుతోంది, తగ్గించనా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"కర్ర ఎలా చెబితే అలా చెయ్యి, నీ తెలివి వాడకు అన్నా."

"వాడి తెలివి వాడి ఉంటే నీ బండి విరిగేది కాదు."

"మరి తప్పెవరిదంటావు ఇప్పుడు?"

"కర్రది. కర్ర నాది. ఏటి అవతలా లేదు, ఇవతలా లేదు. ఆ మాట ఊళ్ళో నువ్వెంత గట్టిగా అన్నావో ఇదీ అంతే గట్టిగా అను."

డగ్ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అయితే వాణ్ణి మళ్ళీ రమ్మని నేనడగాలా?"

"అడగాలి."

"నేనెప్పుడూ ఎవర్నీ అలా అడగలేదు నోలీన్. ఎలా అడుగుతారు?"

"నోటితో," అంది నోలీన్.

శనివారం తొమ్మిదింటికి పోస్టాఫీసు ముందు బస్సు ఆగింది. నోలీన్ షెడ్డు గుమ్మంలో నిలబడి టైరు విప్పుతున్నట్టు కనబడుతూ అటే చూసింది. లెస్టర్ సంచీ పక్కన పెట్టుకుని ఉన్నాడు. సంచీకి కర్ర తాడుతో కట్టి ఉంది. డగ్ టోపీ చేత్తో పట్టుకుని ఏదో చెబుతున్నాడు. చెబుతూ టోపీని తిప్పుతున్నాడు. ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. లెస్టర్ నేల వంక చూస్తూ విన్నాడు. ఒకసారి ఏదో అడిగాడు. డగ్ ముందు తల అడ్డంగా ఊపి, తర్వాత నిలువుగా ఊపాడు. బస్సు డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు బస్సు వాళ్ళకీ ఆమెకీ మధ్యకి వచ్చింది. అది కదిలి పోయాక మెట్ల మీద షిర్లీ ఒక్కతే మిగిలింది, చీపురు ఆసరాగా పట్టుకుని.

సాయంత్రానికి పోస్టాఫీసు బోర్డు మీద, పోయిన కుక్కపిల్ల చీటీ పక్కన, నోలీన్ చేతిరాతతో కాగితం వెలిసింది. నా కర్రలు తప్పు. నేల మీంచి కొలిచాను, చక్రం నడిబొడ్డు మీంచి కొలవాల్సింది. ఎవరూ వాడకండి. తెచ్చి ఇస్తే కొత్త కర్ర ఇస్తాను. నోలీన్ ట్రాంటర్.

ఆదివారం నుంచి రావడం మొదలుపెట్టారు. కొందరు బండి దిగకుండానే కర్ర షెడ్డులోకి విసిరేసి పోయారు. "కర్ర తప్పయితే పర్లేదు నోలీన్, నా ఇంజను కూడా నేల మీంచే బిగించావా?" అన్నాడొకడు. ఇంకొకడు ఇన్నాళ్ళూ పాముల్ని చంపిన కర్ర కాబట్టి దాన్ని ఇవ్వనన్నాడు. ఉత్తరపు గొర్రెల ఫారం ముసలాయన మాత్రం మూడు కర్రలు తెచ్చి బల్ల మీద పెట్టి, బ్రేకులు బిగించాల్సిన బండిని అక్కడే వదిలేసి, షిర్లీ దగ్గరికి టీ తాగడానికి పోయాడు. ఇద్దరు ముగ్గురు తమ బండ్లని అరవై మైళ్ళ అవతల ఇంకో షెడ్డుకి తోలుకుపోయారని తర్వాత తెలిసింది. వచ్చిన కర్రల్ని నోలీన్ వచ్చినట్టే పీపా పొయ్యిలో దోపింది. ఎండిన చీపురు కర్రలు బాగా మండుతాయి. కాల్చిన పేర్లు ముందు ఎర్రబడి, చదవడానికి వీలుగా ఒక్క క్షణం నిలిచి, పోయేవి. ఆరు గుడ్లలో రెండు ఆ పొయ్యి మీదే వేపుకుని తింది.

మంగళవారం మధ్యాహ్నం డగ్ రెండో బండి షెడ్డు ముందు ఆగింది. తొట్టి నిండా గుంజలున్నాయి. ఈసారి చివరకి కాకుండా ముందుకి, ఇరుసు మీదికి జరిపి పేర్చి ఉన్నాయి. బండి వెనక వేలెడంత కుంగి ఉంది. కుక్క పిర్ర కాస్త ఈడుస్తోంది. లెస్టర్ దిగి, గోనెపట్టాకి బూట్లు తుడుచుకున్నాడు.

"ఆ పాములాయన కర్రా, నీదీ తప్ప అన్నీ వచ్చాయి," అంది నోలీన్, చేతిలో పని ఆపకుండా. "కొత్తది కోస్తాలే."

"అక్కర్లేదు."

అతను చొక్కా లోపల్నుంచి ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మూరకి కాస్త తక్కువ పొడవు. ఒక చివర ఎర్ర రంగు. రెండో చివర రంపంతో తిన్నగా, నునుపుగా కోసి ఉంది.

"ఇది నీది," అన్నాడు.

"మిగతాది?"

"అది సరిగ్గానే ఉంది."

అంతే. వెళ్ళి బండెక్కాడు. బండి మట్టి దారి వైపు మళ్ళింది. గేటు దగ్గర ఆగడం, అతను దిగి ఒక్కో చక్రం దగ్గరా వంగడం ఆమెకి ఇక్కడికి కనబడింది. తర్వాత సీటు వెనక నుంచి పొట్టి కర్ర తీసి, చక్రం నడిబొడ్డు మీద ఆనించి, మోకాలు వంచి, కన్ను సమంగా పెట్టి చూశాడు. గాలి కొట్టలేదు. కర్ర లోపల పెట్టి వెళ్ళిపోయాడు.

నోలీన్ ఆ ముక్కని తీసుకెళ్ళి తన బండి చక్రం పక్కన నిలబెట్టింది. ఎర్ర రంగు చివర గచ్చు మీద ఉంది. కోసిన చివర సరిగ్గా చక్రం నడిబొడ్డు దగ్గర ఆగింది. ఎన్ని కర్రలు కోసినా తప్పు ఇంత పొడవే. తక్కినదంతా మొదట్నుంచీ సరిగ్గానే ఉంది.

పీపా పొయ్యి వైపు చూసింది. ఇరవై ఆరు కర్రలు అప్పటికే బూడిద. ఇంకా కాల్చనివి నాలుగు గోడకి ఆనించి ఉన్నాయి. ఆమె ముక్కని కర్రలు వేలాడదీసే మేకుకి తగిలించి, ఆ నాలుగూ బల్ల మీదికి తెచ్చి, రంపం అందుకుంది.